పదకొండు వేల సార్లు కరెంటు తీసినవాడు

క్రస్ట్యో కాల్చెవ్ ఆ పెట్టెకి కరెంటు తీసి పెట్టడం మొదలుపెట్టి అది ఏడో వారం. చేత్తో కాదు లెండి. చిన్న స్విచ్చు ఒకటి తనే కట్టాడు. పెట్టె మంచి పనిలో ఉండగా అది టక్కున కరెంటు పీకేస్తుంది, మళ్లీ ఇస్తుంది, పెట్టె లేచాక ఫైళ్లన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది, డిస్కు మొత్తం తుడిచేసి మళ్లీ మొదలెడుతుంది. పదకొండు వేల సార్లు పీకింది. పదకొండు వేల సార్లూ పెట్టె బుద్ధిగా లేచి కూర్చుంది. ఒక్కసారంటే ఒక్కసారి చెడిపోయి ఉంటే అతను పండగ చేసుకునేవాడు. అంతా సవ్యంగా ఉందని కుమిలిపోయే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే కాబోలు.

మా ప్లొవ్‌దివ్ నగరంలో, నదికి ఈవల పాత భవనంలో రెండో అంతస్తు వాళ్ల కంపెనీ. సమాచారం దాచే పెట్టెలు చేస్తారు. పెట్టె ఏదైనా రాసేముందు "ఫలానాది ఫలానా చోట పెడుతున్నా" అని డిస్కులోనే ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, లేవగానే ఆ చిట్టా చదివి సగంలో ఆగిన పని పూర్తి చేస్తుంది. చిట్టా పేజీలు అయిపోతే మళ్లీ మొదటి పేజీనుంచి పాత రాత మీదే రాస్తుంది. ఆ చిట్టా చదివే ప్రోగ్రాం పన్నెండేళ్ల కిందట క్రస్ట్యో రాసిందే.

కొండల్లో ఒక చిన్న ఊరి రేడియోలో త్సోన్కా పాషోవా అనే ఆవిడ ముప్పై నాలుగేళ్లు పనిచేసింది. ఊరూరా తిరిగి ముసలమ్మల చేత పాడించి టేపుల మీద ఎక్కించింది. మూడు వందల పన్నెండు పాటలు. టేపులు బూజు పడుతుంటే పెట్టెలోకి ఎక్కించి, టేపుల్ని పారేశారు. పాడినవాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. చలికాలంలో ఓ రోజు కరెంటు పోయి వచ్చింది, పెట్టె లేచింది, పాటలు మాత్రం లేవు. చివరికి డిస్కు ఊడదీసి క్రస్ట్యోకి పంపారు.

"పాటలు ఎక్కడికీ పోలేదు పిన్నిగారూ, ఏది ఎక్కడుందో చెప్పే పటం చెడింది, అంతే," అని అతను ధైర్యం చెప్పాడు. "ఎలా చెడిందో ఇక్కడ ఒక్కసారి చేసి చూస్తే, వెనక్కి నడిచి పట్టుకోవచ్చు."

అప్పట్నుంచి ప్రతి గురువారం ఆవిడ ఫోను.

"దొరికిందా బాబూ?"

"లేదండీ. ఇక్కడ జరగట్లేదు."

"సరేలే, వెతుకు. నాకేం తొందర, డెబ్భై నాలుగేళ్లేగా!"

పైఅధికారి రుమ్యానా ఓపిక మాత్రం అడుగంటింది. "శుక్రవారం దాకా చూస్తా క్రస్ట్యో. తర్వాత 'మా దగ్గర జరగలేదు' అని రాసి మూసేసి, డిస్కు ఆవిడకి పంపేద్దాం. నీ స్విచ్చు చప్పుడుకి నాకు కలలో కూడా టక్కు టక్కుమంటోంది."

మంగళవారం ఉదయం, రాత్రంతా కురిసిన వానలో తడిసిన భవనం తలుపు ముందు క్రస్ట్యో ఆగిపోయాడు. తలుపు మీద, పోయినవాళ్ల పేరూ ఫొటోతో ఇంటివాళ్లు అంటించే చావు కాగితాలు ఉన్నాయి. మనిషి పోయినరోజు ఒకటి, నలభయ్యో రోజుకి ఒకటి, ఏడాదికి ఒకటి. పాతది ఎవరూ పీకరు, దానిమీదే కొత్తది. ఒకదాని మీద ఈ నెల తేదీ ఉంది, కింద ముసలావిడ ఫొటో, "మా అమ్మ స్తానిమీరా నిన్న మమ్మల్ని విడిచి వెళ్లింది, కొడుకు గెన్చో" అని ఉంది. గెన్చో అంటే కింద తాళాలు చేసే గెన్చోయే. అయ్యో పాపం అనుకుని, మలుపులో నాలుగు కార్నేషన్లు కొని, దుకాణంలోకి వెళ్లి టోపీ తీశాడు.

"దేవుడు ఆవిణ్ణి క్షమించుగాక, గెన్చో."

గెన్చో ఆకురాయి ఆపి పూలు లెక్కపెట్టాడు. నాలుగు. మా దగ్గర సరిసంఖ్యలో పూలు చావుకే ఇస్తారు. "ఎవర్ని?"

"మీ అమ్మగారిని."

"మా అమ్మ పోయి రెండేళ్లయిందయ్యా! మళ్లీ ఎప్పుడు చంపావు?" వచ్చి తలుపు చూసి పకపకా నవ్వాడు. "ఓరి నీ చదువు తగలెయ్య! పైసగం మొన్న పోయిన నాలుగో అంతస్తు తాతది. దాని కిందిసగం వానకి ఊడి మా అమ్మ బయటపడింది. తేదీ చూసి మిగతాది నమ్మేశావా?"

క్రస్ట్యో నవ్వలేదు. పూలు అతని చేతిలో కుక్కి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

తను రాసిన ప్రోగ్రామూ అంతే చేస్తుంది. పేజీ పైనున్న తేదీ చూసి మిగతాది నమ్ముతుంది. పేజీ సగం రాస్తుండగా కరెంటు పోతే పైసగం కొత్తది, కిందిసగం ఎప్పటిదో. కానీ కింద పాతరాత ఉంటేగా! తను ప్రతిసారీ డిస్కు శుభ్రంగా తుడిచి మొదలెట్టాడు. పదకొండు వేల సార్లు కొత్త తలుపు మీద ఒకే కాగితం అంటించి, ఎందుకు పొరబడట్లేదా అని చూస్తూ కూర్చున్నాడు.

తుడవడం మానేశాడు. నలభై మూడోసారికి పెట్టె చెడింది.

"చెడింది!" అని అతను అరిచిన అరుపుకి ఆఫీసంతా పరిగెత్తుకొచ్చింది. "ఇంక అందరికీ తీపి తినిపించాల్సింది నువ్వే!" అంటూ రుమ్యానా వీపు మీద చరిచింది. చాక్లెట్లు తెప్పించి అందరికీ పంచాడు. నాలుగు లైన్లు మార్చి మళ్లీ పరీక్ష పెట్టాడు, ఇక చెడలేదు. తర్వాత త్సోన్కా డిస్కు నకలు తెరిచి, ఇప్పుడు దారి తెలుసు కాబట్టి, వెనక్కి నడిచాడు.

నడిచినకొద్దీ జరిగింది తేటపడింది. పాతరాత నమ్మి పెట్టె రెండేళ్ల నాటి పటం, పాటలు ఇంకా ఎక్కించకముందుది, తెచ్చి పెట్టుకుంది. ఆ పటంలో పాటలున్న చోట్లన్నీ ఖాళీ. ఖాళీ అనుకుని, రేడియోవాళ్ల రోజువారీ వార్తలూ వాతావరణమూ వాటి మీదే రాసుకుంటూ పోయింది, తొమ్మిది రోజులు. మొదటి రోజు ఆవిడ భయపడి ఫోన్ చేసి "ఆపెయ్యమంటారా?" అని అడిగితే, "ఆపకండి, దానంతట అదే సరిచేసుకుంటుంది" అన్నది క్రస్ట్యోయే. తన ప్రోగ్రాం మీద తనకంత నమ్మకం. చాక్లెట్టు నోట్లో చేదుగా తగిలింది.

గురువారం దాకా ఆగే ధైర్యం లేక తనే ఫోన్ చేశాడు.

"నువ్వే చేశావంటే దొరికిందన్నమాట!" అంది త్సోన్కా. ఫోను పక్కకి పెట్టి ఎవరితోనో, "వింటున్నావుటే, దొరికిందట!" అని కేకేసింది.

"పిన్నిగారూ... దొరికింది తప్పు. పాటలు కాదు."

అంతా చెప్పాడు. ఆపొద్దన్నది తనేననీ, ఆ రోజే ఆపి ఉంటే అన్నీ మిగిలేవనీ కూడా చెప్పాడు. దాచడానికి నోరు రాలేదు.

"ఒక్కటీ లేదా?"

"లేదండీ."

"ఇంకెవరికైనా ఇలా జరుగుతుందా?"

"జరగదు. సరిచేశాను."

"ఎంత పనైంది?"

"నాలుగు లైన్లు."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"నువ్వు 'ఇక్కడ జరగట్లేదు' అన్న ప్రతిసారీ నాకు నిశ్చింతగా ఉండేది బాబూ," అంది చివరికి. "అప్పటిదాకా అవి ఉన్నట్టేగా. ఇంకో నాలుగేళ్లు దొరక్కపోయినా బాగుండేది, నేను పోయేదాన్ని."

ఫోన్ పెట్టేసింది. క్రస్ట్యో ఫిర్యాదు కాగితం తెరిచి, 'పరిష్కరించబడింది' అన్న గడిలో గుర్తు పెట్టాడు.