తేనెపెట్టెకు కట్టిన నల్లగుడ్డ

మా యార్క్‌షైర్‌లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ కబురు తేనెటీగలకు చెప్పి, పెట్టెకు నల్లగుడ్డ కడతాం. చెప్పకపోతే ఈగలు అలిగి లేచిపోతాయని మా నమ్మకం.

థిర్జా ఆగ్డెన్ పెద్ద బంగళాలో పనిమనిషి. అక్కడి దొర మతి చెడిన భార్యను పైగదిలో పెట్టి తాళం వేసి, ఆవిడ చచ్చిపోయిందని ఊరంతా చాటాడు. పందొమ్మిదేళ్లు ఆవిడకు తిండి తినిపించింది, తల దువ్వింది థిర్జాయే. ఆవిడ నిజంగా పోయిన రోజున, "ఎవరూ చావలేదు, నోర్ముయ్" అన్నాడా పెద్దమనిషి. థిర్జా తన నల్ల లంగా చింపి తేనెపెట్టెకు కట్టింది.

విందుకొచ్చిన ఒక రచయిత్రి ఆ గుడ్డ చూసి, దొర బంధువులు గుసగుసలాడింది విని, నవల అల్లేసింది. చీకటి మెట్లు, తాళం గది, అరుపులు, గుడ్డ కట్టే దయ్యం, అన్నీ పెట్టింది. థిర్జా ఒక్కతే లేదు.

ఇప్పుడు ఆ నవల చదివి, బంగళా చూడ్డానికి రైలెక్కి మరీ జనం వస్తున్నారు. మొన్న లండన్ నుంచి వచ్చిన ఒకావిడతో థిర్జా చెప్పింది: "ఆ గుడ్డ కట్టింది నేనమ్మా. మా అమ్మగారికి పాకం పోసిన జావంటే ప్రాణం."

"ఓస్, ఇంతేనా!" ఆ మహాతల్లి మొహం మాడ్చుకుంది. "ఇంతకీ దయ్యముండే గది ఏది?"

"పైగదిలో ఉన్నది మనిషమ్మా," అంది థిర్జా. "దయ్యాలు కింద హాల్లో భోంచేసేవి."