వ్యాగన్ ఇనుముతో విల్లు

ఆ రోజుల్లో అబద్ధానికి కాస్త వెసులుబాటు ఉండేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో డబ్బాలో వేసిన ఉత్తరం పార్వతీపురం చేరడానికి నాలుగైదు రోజులు పట్టేది. అందులో రాసింది నిజమో కాదో చూద్దామని ఎవరూ రైలెక్కేవారు కాదు. అక్కకు సంబంధం కుదిరిన కొత్తలో కాబోయే బావ పార్వతీపురం నుంచి నాకూ ఓ ఉత్తరం రాశారు. బీయస్సీ రెండో ఏడులో ఉన్న నాకు, జవాబులో చెప్పుకోదగ్గ ఘనకార్యమేదీ దొరక్క, విల్లుతో కుందేళ్లను కొడుతుంటానని రాసేశాను. పూర్తిగా కల్పన కాదు. నాన్న పనిచేసే రైల్వే షెడ్డులో ఖలాసీ కాకా అని, సాయం పనులు చేసే ఒకాయన లింగియాడీహ్ అవతలి పల్లె నుంచి వచ్చేవాడు. వెదురు విల్లుతో కొట్టిన కుందేలును అప్పుడప్పుడు మాకూ తెచ్చేవాడు. (అది నేరమని మా కాలనీలో ఎవరికీ తెలీదు. తెలిసినా, నావల్ల చట్టానికి వచ్చిన ముప్పేమీ లేదు.) కొట్టడం కాకాది, తినడం నాది, ఉత్తరంలో రెండూ నావయ్యాయి. మూడో ఉత్తరానికల్లా నా కుందేళ్లు ఏడయ్యాయి.

పెళ్లయ్యాక తొలిసారి మా ఇంటికొచ్చిన బావ, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఎల్లుండి వేటకెళదామన్నారు. అక్క మొహం పాలిపోయింది. తమ్ముడు కోతలరాయుడని తేలితే అత్తవారింట్లో తలదించుకోవలసింది తనే కదా. నేను కాకా విల్లు అడిగి తెస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. “అల్లుడి ముందర వెదురు ముక్క పట్టుకెల్తావేటిరా? మన షెడ్డులో ఇనుం నేదా?” అని, పనికిరాదని పక్కన పడేసిన వ్యాగన్ స్ప్రింగు పట్టీ ఒకటి సంపాదించి, మర్నాడు సాయంత్రానికల్లా విల్లు చేసేశారు. దానికి తీగ తగిలించడానికే ముగ్గురు మనుషులు పట్టారట. కాకా దాన్ని చూసి, లాగేదెవరని మెల్లగా అడిగాడు. నాన్న దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నారు. నేనూ ముందురోజు సాయంత్రం లాగి చూశాను. తీగ రాలేదు, భుజం వచ్చినంత పనయింది. ఇక నా ఆశంతా కుందేళ్ల మీదే పెట్టుకున్నాను, అవి రావని.

ఒకటి వచ్చింది. తెల్లవారుతూనే ఊరవతల శనగచేలోంచి బయటికొచ్చి, మాకు పది అడుగుల దూరంలో కూర్చుని, తీరిగ్గా మొహం తుడుచుకోసాగింది.

“ఏటోయ్, ఎయ్యవేటి?” అన్నారు బావ గుసగుసగా.

“జాలేసింది బావగారూ.”

“ఆ ఏడింటి మీదా ఎయ్యనేదా జాలి?”

ఆయనే విల్లందుకుని లాగారు. ఆయన మొహం కందగడ్డయింది. విల్లు మాత్రం చెక్కు చెదరలేదు. కుందేలు ఇదంతా చూసి, తన దారిన తాను పోయింది. అప్పుడు బావ నావైపు తిరిగి, నిజంగా ఎన్ని కొట్టానో చెప్పమన్నారు. ఒక్కటీ లేదన్నాను. ఆయన వెళ్లి స్కూటర్ స్టార్ట్ చేశారు. వెనక కూర్చుని, ఇంట్లో ఏం చెబుతారోనన్న బెంగనీ ఆ విల్లునీ మోస్తూ వచ్చాను.

గుమ్మంలో నాన్న, ఆయన వెనక అక్క. అమ్మ అప్పటికే మసాలా నూరేసింది.

“వచ్చింది గానండి మావయ్యగారూ, సూడి కుందేలు,” అన్నారు బావ చెప్పులు విడుస్తూ. “నేను కొట్టమన్నాను. మీవోడే ఒద్దని విల్లు దించేసినాడు.”

కడుపుతో ఉన్నదాన్ని వదిలేశానని అమ్మ కళ్లొత్తుకుంది. నాన్న విల్లెలా ఉందని అడిగారు. వంక పెట్టడానికి లేదన్నారు బావ. అక్క మాత్రం ఆయన మొహం వైపోసారి, నా మొహం వైపోసారి చూసి, నవ్వు దాచుకోవడానికి లోపలికి పోయింది. ఆ మసాలా బంగాళాదుంపల్లో పడింది. బావ రెండోసారి అడిగి వేయించుకున్నారు.

మొన్న మా అమ్మాయిని చేసుకోబోయే కుర్రాడు వచ్చి, తాను ఎక్కిన హిమాలయ శిఖరాల గురించి గంటసేపు చెప్పాడు. మెట్లెక్కి మా రెండో అంతస్తుకు చేరేసరికే అతను పడిన ఆయాసం నేను చూశాను. అయినా ఎత్తు ఎంతని అడగలేదు. చలి బాగా ఉంటుందేమో బాబూ, అన్నానంతే.