మా అమ్మ చేతుల మీద వేసిన నింద

మా తమ్ముడు అమ్మను తీసుకొచ్చి మా ఇంట్ల దించినప్పుడు నేను బడికి తయారైతున్న. మచ్చ బొల్లారంల మా గల్లీ చివర ఉన్న చిన్న ప్రైవేటు బడిల నేను టీచర్ను. అమ్మ చేతిల ఒక బట్టల సంచి, ఒక దుప్పటి.

"కొన్ని దినాలు నీ దగ్గరుంటది అక్కా," అన్నడు తమ్ముడు, నా మొహం దిక్కు చూడకుంట. చాయ్ తాగిపోరా అంటే జల్దీ పోవాలన్నడు. ఎప్పుడొచ్చినా కూసోని ముచ్చట పెట్టే మనిషి, ఆ దినం గేటు కూడ మూయకుంట పోయిండు.

అమ్మకు సంగతి తెల్వదు. "కోడలు ఉపవాస ప్రార్థనల ఉన్నదట బిడ్డా. ఇల్లు నెమ్మదిగ ఉండాల్నట," అన్నది. కోడలి కోసం తనుగూడ ఆ దినం అన్నం ముట్టలేదు.

మా అమ్మ మా ఊరు అత్వెల్లిల పురుళ్లు పోసిన మనిషి. దవాఖానకు పోదామంటే బండి దొరకని కాలంల ఊరంత ఆమెనే పిలుస్తుండె. ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలనే అయితున్నయి గని, పసిపిల్లకు నీళ్లు పోయాలంటే మాత్రం ఇప్పటికీ అమ్మనే కావాలె. పీట మీద కాళ్లు సాపి కూసోని, పసిగుడ్డును కాళ్ల మీద బోర్ల పండుకోబెట్టి, నూనె రాసి, గోరువెచ్చని నీళ్లు పోసేది. ఏ ఇంటి పిల్లైనా, ఏ మతం పిల్లైనా, లోపల్లోపల దేవుని పేరు తలుచుకోనిదే చెంబు ఎత్తేది కాదు.

మా మరదలికి రెండుసార్లు గర్భం పోయింది. రెండుసార్లూ నెలలు నిండకముందే, కడుపు బయటికి కనబడేటప్పుడు. రెండోసారి పోయినప్పటి నుంచి అమ్మ ఆమె ఎంట పడ్డది. "ఇది నా చేతిల ఉన్న పని కాదు బిడ్డా, పెద్ద డాక్టరమ్మకు చూపియ్యి," అని రోజూ చెప్పేది. మరదలికి ఆ మాట ముల్లులెక్క గుచ్చుకునేదని నాకు తర్వాతనే తెలిసింది.

ఆ సాయంత్రం బడి అయినంక తమ్మునికి ఫోన్ చేసిన. కొంచెంసేపు అటు తిప్పి ఇటు తిప్పి, ఆఖరికి చెప్పిండు.

"కోపం చేయకు అక్కా. శామీర్‌పేట కాడ శుక్రవారం ప్రార్థన కూటాలు పెడ్తున్న ప్రవక్త ఉన్నడు గదా. మీ మరదలిని అందరిల నిలబెట్టి, ఆమె నోరు తెరవకముందే అన్నీ చెప్పిండు. రెండు గర్భాలు పోయినయన్నడు. ఇంట్ల మంత్రపు చేతులున్నయి, ఆ చేతులే పిల్లల్ని నిలవనిస్తలేవన్నడు."

"ఎవరి చేతులు?"

"అదే అక్కా... ఇంట్లోళ్ల చేతులు," అని నసిగిండు.

"ఎవరి చేతులురా?"

"అమ్మను మంత్రసాని అంటరు గదా అక్కా. ఆ పేరులనే మంత్రం ఉన్నదట."

కాన్పు చేసే మనిషిని ఊరు పిలిచే మాట అది. ఆ మాటను పట్టుకోని, ఎన్నడూ చూడని ముసలామెను దయ్యం చేసిండు ఒకడు. నా తోడబుట్టినోడు దాన్ని నమ్మి, తల్లిని సామాన్లెక్క తెచ్చి నా గుమ్మంల పెట్టిపోయిండు. పిల్ల పుట్టేదాక అమ్మ కోడల్ని ముట్టొద్దట, ఆమె వండింది తినొద్దట. దవాఖానకు పోయినా విశ్వాసం లేనట్టేనట.

"నిన్ను పెంచినయి ఏ చేతులురా?" అన్న. ఫోన్ పెట్టేసిండు.

మేడ్చల్‌ల మా సంఘం పాస్టర్ అయ్యగారి దగ్గరికి పోయిన. మమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. అంతా విని, కండ్లద్దాలు తుడుసుకుంట, "దేవుని అభిషేకం పొందినోళ్ల మీద మనం మాట్లాడొద్దమ్మా. ప్రార్థన చేద్దాం," అన్నడు.

"అయ్యగారు, మా అమ్మ మీద ఆయన మాట్లాడొచ్చు గని, ఆయన మీద మేం మాట్లాడొద్దా? ఎవరు దేవుని పేరు చెప్పినా నమ్మేముందు పరీక్ష చేసి చూడుమని మాకు నేర్పింది మీరే గదా?"

"నిజమే తల్లీ. కానీ..." అని మల్ల కండ్లద్దాలు పెట్టుకున్నడు. ఆ 'కానీ' మీద నాకు ప్రవక్త మీదకన్నా ఎక్కువ మండింది. అబద్ధం చెప్పేటోడు మైకు పట్టుకోని అరుస్తుంటే, నిజం తెలిసినోడు గొంతు తగ్గించుకుంటడు. మా బాధ సగం గిదే.

అమ్మకు చెప్పొద్దనే అనుకున్న. గని అత్వెల్లి నుంచి ఒక చిన్న వయసు తల్లి ఫోన్ చేసింది. ఆమె బిడ్డకు అమ్మనే నీళ్లు పోస్తుండె. "అవ్వా, నువ్వు ఊరికి వచ్చినా ఇగ మా ఇంటికి రావద్దులే," అన్నదట. అమ్మ ఫోన్ పక్కకు పెట్టి నన్ను అడిగింది. దాసిపెట్టే దారి లేకపాయె. అంతా చెప్పిన.

అమ్మ ఏడువలే. ఒక్క మాట అడిగింది. "గాయన నన్ను చూసిండా బిడ్డా?"

"లేదమ్మా."

"చూడకుంటనే చెప్పిండా?"

ఆ అడుగుడు విన్నంక ఇగ నేను ఇంట్ల కూసోలేకపోయిన.

శుక్రవారం బడికి సెలవు పెట్టిన. నేను గూడ కూటానికి వస్తున్న అని మరదలికి ఫోన్ చేస్తే ఆమె మస్తు సంతోషపడ్డది. నేను దారికొచ్చిన అనుకున్నది పాపం. మా ఆయన ఫ్యాక్టరీల ఫిట్టర్, ఆయనకు ఆ దినం సెలవే. బండి మీద కరీంనగర్ రోడ్డెంబడి తీసుకపోయి కూటం జరిగే ఫంక్షన్ హాలు ముందు దించి, "నేను చెరువు దిక్కు పోయి చాయ్ తాగుత, అయినంక ఫోన్ చెయ్యి," అని పోయిండు.

లోపల పెద్ద తెర, డ్రమ్ములు, చెవులు పగిలే పాటలు. మరదలు ఇంక రాలేదు. నేను ఒక కుర్చీల కూసోంగనే తెల్ల చున్నీ ఏసుకున్న వాలంటీరు అమ్మాయి వచ్చి పక్కన కూసున్నది. మంచినీళ్లిచ్చింది. మాట చానా తియ్యగున్నది.

"ఎక్కడి నుంచి అక్కా? అన్న రాలేదా?"

"మచ్చ బొల్లారం నుంచి. ఆయన నన్నీడ ఇడిసిపెట్టి పోయిండమ్మా."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "అయ్యో అక్కా. పిల్లలున్నరా?"

"ఒక్క బిడ్డ. నర్సింగ్ చదువుతాంది."

నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "ధైర్యంగుండు అక్కా. దేవుడున్నడు." మొగుడు బండి మీద దించిపోతే గీ పిల్లకింత బాధేంది అనుకున్న. మా సంఘంల పుస్తెలు, మెట్టెలు పెట్టుకోము, అందుకని నా మెడ చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. ఆ పిల్ల లేచి స్టేజీ పక్కన పరదా ఎనకకు పోయింది.

ఇంతల మరదలు వచ్చి నా పక్కన కూసున్నది. మనిషి సగమైంది. ఉపవాసాలకు పెదవులు ఎండిపోయినయి. ఆమెను చూస్తే నా కోపం కొంచెం దిగింది.

ప్రవక్త వచ్చిండు. తెల్ల కోటు. పాటలు ఆగినయి, కీబోర్డు మాత్రం సన్నగ మోగుతాంది. ఆయన కండ్లు మూసుకోని చెయ్యెత్తిండు.

"బొల్లారం వైపు నుండి వచ్చిన ఒక సహోదరిని ప్రభువు నాకు చూపిస్తున్నాడు. నీ భర్త నిన్ను విడిచి వెళ్ళిపోయాడు తల్లీ. ఒంటరిగా ఒక్క కూతురిని చదివిస్తున్నావు. రోగులకు సేవ చేసే చదువు. ఏడవకు. నీ భర్తను నేను చూస్తున్నాను. తెల్లని వస్త్రాలు ధరించి పరలోకపు పరదైసులో ఉన్నాడు!"

హాలంత స్తోత్రాలు. ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నరు. నాకు ఒక్క క్షణం అర్థం కాలే. మరదలు నా మోచెయ్యి పట్టుకున్నది.

"వదినా, అన్నయ్యకు ఏమైంది?"

అప్పుడు తెలిసింది. పోయిండు అన్న నా మాట ఆ పిల్ల చెవిల పడి సావైంది. పరదా ఎనక నుంచి అది దర్శనమై బయటికొచ్చింది.

లేచి నిలబడ్డ. నేను ఏడుస్తా అనుకోని మైకు తెచ్చి నోటి ముందు పెట్టిండ్రు.

"అయ్యా, మా ఆయన చెరువు కాడ చాయ్ తాగుతున్నడు. నన్నీడ ఇడిసిపెట్టి పోయిండు అని మీ వాలంటీరు పిల్లకు చెప్పిన. ఆ పిల్ల సచ్చిపోయిండనుకున్నది. మీకు గదే చెప్పింది. దేవుడే మీకు చెప్తే, మా ఆయన బతికున్న సంగతి దేవునికి తెల్వదా?"

మైకు గుంజుకున్నరు. కీబోర్డు మోత పెరిగింది. ప్రవక్త తడబడింది రెప్పపాటే. "ఆత్మీయ మరణం! ఈ సహోదరి భర్త ఆత్మీయంగా మరణించాడని ప్రభువు అంటున్నాడు!" అన్నడు. ఇప్పుడే పరదైసులో చూసిన మనిషిని అంతల్నే పాపంల సంపిండు. హాలంత ఆమెన్ అన్నది! వాడు అబద్ధమాడినందుకు కాదు, ఇంతమంది చెవులారా విని గూడ ఆమెన్ అన్నందుకు నాకు కోపం పొంగింది. పిల్లల ముందు అరిసి అరిసి గట్టిపడ్డ గొంతు నాది, మైకు లేకుంటనే అరిసిన.

"చూడని ముసలామెను మంత్రగత్తె అన్నవు! ఆమె చేతుల మీద నింద ఏసినవు! నా దేవుని పేరు మీద ఏసినవు!"

ఒకామె నన్ను సైతాను అన్నది. వాలంటీర్లు నవ్వుకుంటనే భుజం పట్టి తలుపు దాక తోలిండ్రు. ఎనక్కి తిరిగి చూస్తే మరదలు వస్తాంది, చెప్పులు చేతిల పట్టుకోని.

గేటు బయట గోడకు ఆనుకోని నిలబడ్డది. "ఆ తెల్ల చున్నీ పిల్లనే వదినా," అన్నది. "మొదటిసారి వచ్చినప్పుడు నా పక్కన గూడ కూసున్నది. నేనే అంతా చెప్పిన. అత్తమ్మ దవాఖాన దవాఖాన అని సతాయిస్తాందని, ఊళ్ల మంత్రసాని అని. మల్ల ఆయన నోట్లకెళ్లి వస్తే, దేవుడే చెప్పిండనుకున్న."

తిట్టాలనే నోరు తెరిసిన, తిట్టలేకపోయిన. ఇద్దరు బిడ్డల్ని కడుపులనే పోగొట్టుకున్న తల్లి. ఎందుకు పోయిండ్రో ఎవరన్న ఒక కారణం చెప్తే చాలనుకున్నది. వాడు ఆ దుఃఖం తీసుకోని దానికి మా అమ్మ మొహం తగిలించిచ్చిండు.

మా ఆయన బండి ఆపి, "ఏంది, జల్దీ అయిపోయిందా?" అన్నడు. ఆయన్ని చూడంగనే మరదలు మొహం కప్పుకోని ఏడ్చింది. ఆయన పరేషాన్ అయి నా దిక్కు చూసిండు. "నువ్వు సచ్చినవని చెప్పిండ్రు లోపల," అన్న. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలే.

మరదలు చెప్పింది విని ఆ సాయంత్రమే తమ్ముడు వచ్చి, తప్పైందని అమ్మ కాళ్ల కాడ కూసున్నడు. అమ్మ వాని తల మీద చెయ్యి పెట్టలే.

"నాకు చెప్పుడు కాదు కొడుకా. ఊరంత తెలిసేటట్టు నన్ను పంపినవు. అందరి ముందట చెప్పు."

ఆదివారం సంఘంల సాక్ష్యాలు చెప్పే వేళ తమ్ముడు లేచి నిలబడ్డడు. అత్వెల్లి వాళ్లు చానామంది ఉన్నరు. "మా అమ్మ మీద నేను నమ్మింది అబద్ధం. దేవుని మాట అనుకోని ఒక మనిషి మాట విన్న," అన్నడు. ఇంకేదో చెప్పబోయి, అమ్మ దిక్కు చూసి కూసున్నడు. అయ్యగారు లేచి పొడుగు ప్రార్థన చేసిండు. క్షమాపణ అన్నడు, శాంతి సమాధానాలన్నడు. అబద్ధం అనే మాట మాత్రం ఆయన నోట్లకెళ్లి రాలేదు. నాకు ఆమెన్ అనబుద్ధి కాలే.

అమ్మ అత్వెల్లికి పోయింది. మరదలిని మేడ్చల్‌ల డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకపోయిన. గర్భసంచి మూతికి బలం తక్కువని, ఈసారి ముందుగాల్నే వస్తే కుట్టు ఏసి కాపాడొచ్చని ఆమె చెప్పింది. గంతే. మంత్రం లేదు, శాపం లేదు. మల్ల గర్భం నిలిచినప్పుడు కుట్టు ఏసిండ్రు, మరదలు మంచం దిగకుంట ఉన్నది. పోయిన వానాకాలంల ఆడపిల్ల పుట్టింది. అందరం ఏడ్చినం.

అట్లని అంతా సక్కగైందని చెప్పలేను. ఆ ఫోన్ చేసిన చిన్న తల్లి ఇప్పటికీ అమ్మ ఎదురొస్తే పిల్లను కొంగు చాటుకు తీసుకుంటది. శుక్రవారం కూటాలు ఆగలే, జనం ఇంక పెరిగిండ్రు.

మొన్న అల్వాల్ నుంచి బస్సుల వస్తుంటే పక్కన కూసున్న ఒకామె ఆ ప్రవక్త సంగతే ఎత్తింది. బీపీ గోళీలు బంద్ చేసిందట, ఆయన ప్రార్థన చేసిన నూనె రాసుకుంటున్నదట. నేను ఏదో అనబోతే నా చెయ్యి నొక్కి, "ఎదురు మాట్లాడకు అక్కా. ఒక టీచరమ్మ కూటంల ఆయన మీద అరిసిందట. ఇంటికి పోకముందే మాట పడిపోయిందట," అన్నది.

"ఆ టీచర్ను నేనే," అన్న.

ఆమె నన్ను కిందికి మీదికి చూసింది. జరిగిందంతా చెప్పిన. దేవుణ్ణి నమ్ముడు మానకు, నేనూ మానలేదు, గని దేవుని పేరు చెప్పిన ప్రతోని మాటా దేవుని మాట కాదన్న. నమ్మిందో లేదో తెల్వదు. తన స్టాపు వస్తే లేచి, కడ్డీ పట్టుకోని రెండు క్షణాలు నిలబడ్డది.

"తల తిరుగుతాంది ఈ మధ్య," అన్నది మెల్లగ.

"ఇంటికి పోంగనే గోళీ ఏసుకో చెల్లే. రేపు డాక్టర్‌కు చూపియ్యి. ప్రార్థన గూడ చేసుకో, ఎవరు వద్దన్నరు?" అన్న.