పళ్లెంలో పసిఫిక్

పసిఫిక్ మహాసముద్రాన్ని నేను మొదటిసారి చూసింది మా వంటింట్లో, అన్నం తినే స్టీలు పళ్లెంలో. చూపించినవాడు మా మామయ్య. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, అమలాపురంలో ఒక కాలేజీలో జాగ్రఫీ లెక్చరర్. మా రెండు కుటుంబాల్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. వయసులో చిన్నవాడైనా నాన్న అతన్ని మీరు అనే పిలిచేవాడు. నాకైతే మామయ్య మాటంటే వేదం. అప్పుడే ఇంటరు అయింది, నేనూ జాగ్రఫీయే చదువుతానని కూర్చున్నాను.

అది తొంభైల చివర్లో ఓ వేసవి. ముందటేడు కార్తీకంలో వచ్చిన తుఫాను మా దొడ్లో కొబ్బరిచెట్లన్నిటినీ పడుకోబెట్టేసింది. ఇక మాకు మిగిలింది కొత్తపేట ఆసామీ దగ్గర నాన్న ఏళ్ల తరబడి కౌలుకు చేస్తున్న వరిచేను ఒక్కటే. అది మా అన్నం. కాలువకు చిట్టచివర ఉండేది కాబట్టి కాలువ నీళ్లు అందేది ఆలస్యంగా. నారుమడి తడవాలంటే వానే దిక్కు. పంట పోయినా కౌలు ధాన్యం మాత్రం కొలవాల్సిందే.

ఆ ఏడు పేపర్ల నిండా ఎల్ నినో. నాన్నకు ఆ పేరు నోరు తిరిగేది కాదు. "ఆ నీనోయో ఏదో, దాని సంగతేంటో కాస్త చెప్పండి" అని మామయ్యనే అడిగాడు.

మామయ్య పళ్లెంలో నీళ్లు పోయించి, పైన చిటికెడు పసుపు చల్లాడు. ఒక పక్క నుంచి మెల్లగా ఊదాడు. పసుపంతా అవతలి అంచుకు చేరింది.

"సముద్రం మీద గాలి ఎప్పుడూ ఇలా తూర్పు నుంచి పడమరకి వీస్తుంది బావగారూ. వేడినీళ్లన్నీ ఇండోనేషియా వైపు పోగవుతాయి. అక్కడ గాలి పైకి లేచి మబ్బులు కడుతుంది. పైపైనే వెనక్కెళ్లి మళ్లీ పెరూ ఒడ్డున దిగుతుంది. చక్రంలా తిరుగుతానే ఉంటుందన్నమాట."

ఊదడం ఆపాడు. పసుపు మెల్లగా వెనక్కి జారింది.

"ఈ ఏడు ఊదేవాడు అలిసిపోయేడు, అదే ఎల్ నినో. ఆ చక్రం మందగిస్తే మన నైరుతి గాలికి బలం ఉండదు. వానలు ఎగ్గొడతాయి."

నాన్న పళ్లెం పక్కకు జరిపాడు. "ఆయ్. అయితే చేను పట్టుకోమంటారా, వదిలెయ్యమంటారా?"

"వదిలెయ్యండి. ఈ ఒక్క ఏడూ చెయ్యి కాల్చుకోకండి."

ఆహా, ఎంత చల్లగా చెప్పాడు! నేను పక్కనే కూర్చుని పెద్ద ఆరిందాలా తలూపాను. మర్నాడే నాన్న కొత్తపేట వెళ్లి ఈసారికి చేను చెయ్యలేనని చెప్పేసి వచ్చాడు. ఆసామీ మంచాయన. మృగశిర కార్తె సగం గడిచేదాకా ఆ చేనును ఇంకెవరికీ ఇవ్వలేదు. ఓసారి ఇంటికొచ్చి, "మనసు మార్చుకుంటావేంటయ్యా?" అని అడిగారు కూడా. "మా బావమరిది చదువుకున్నాడండి, ఊరికే చెప్పడండి" అన్నాడు నాన్న, ఎంతో గొప్పగా. ఆయన వెళ్లి చేను మరొకరికి ఇచ్చేశారు.

ఇక చూడాలి వానలు! మృగశిరలో నేల తడిసింది, ఆరుద్రలో మునిగింది. ఎవరు రమ్మన్నారని వచ్చినట్టు? చూరు కింద కూర్చుని నాన్న ఆకాశం వంక కాదు, నేల వంక చూసేవాడు. నాకు ఆ పసిఫిక్ మీద ఒళ్లు మండిపోయేది. ఎక్కడో పెరూ దగ్గర గాలి అలిసిపోతే పోయింది, మా ఇంటికొచ్చి అబద్ధం ఎందుకాడాలి? మామయ్యను మాత్రం ఒక్క మాట అననిచ్చేదాన్ని కాదు. "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, శాస్త్రమే తప్పింది" అని అమ్మతో వాదించాను.

ఆషాఢంలో రాజోలు బస్సులో వెళ్తున్నాను. రోడ్డు వారనే మామయ్య సొంత చేను, పాడుబడ్డ మోటారు షెడ్డు గుర్తు. కిటికీలోంచి చూద్దును కదా, చేనంతా పచ్చగా నాట్లు! అదీ ఈ ఏడు బీడుగానే ఉంటుందనుకున్నాను. తర్వాతి స్టాపులో దిగిపోయి వెనక్కి నడిచాను. గట్టు మీద కూలీలు చద్దన్నాలు తింటున్నారు.

"ఈ చేను ఎవరిదండి?"

"లెక్చరర్ గారిదేనమ్మా" అంది ఒకామె. "మృగశిర పెట్టగానే ఆయనే దగ్గరుండి నారు పోయించేరు. మొన్ననే నాట్లు ఊడ్చేం."

మృగశిర పెట్టగానే! అంటే మా చేను ఇంకా ఎవరికీ ఇవ్వక ముందే. అంటే మా నాన్న మామయ్య చదువు గురించి గొప్పలు చెప్పుకుంటున్న రోజుల్లోనే. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఎవరో నడిబజార్లో చెంప పగలగొట్టినట్టు.

ఆ సాయంత్రమే అమలాపురంలో అతని గుమ్మంలో నిలబడి కడిగేశాను. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చేను ఖాళీగా ఉంచడానికి ప్రాణం ఒప్పలేదే. పోతే పోయింది, నాకు జీతం ఉంది కదా అనుకున్నాను. మీకు అలా కాదుగా, అందుకే జాగ్రత్త చెప్పాను."

ఎంత తియ్యటి మాట! గుమ్మం దిగి ఆఖరి బస్సు పట్టుకున్నాను.

ఆ చేను మళ్లీ మాకు రాలేదు. నాన్న ఐ.పోలవరం రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లాడు. నేను పట్టుబట్టి జాగ్రఫీయే చదివి, బళ్లో సోషల్ చెప్పడానికి కుదిరాను. ఏటా బోర్డు మీద ఆ చక్రం గీసేటప్పుడు సుద్దముక్క విరిగేది. ఆ తర్వాత కొన్నేళ్లకు, పేపర్లు పెద్దగా గోల చెయ్యని ఏడు, ఆషాఢమంతా ఎండ కాసింది. మామయ్య నాట్లు ఎండిపోయాయని విన్నాను. అబద్ధమెందుకు, కాస్త సంతోషించాను.

ఇంకొన్నాళ్లకు మామయ్య ఓ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతిలో ఏదో పత్రిక.

"బావగారూ, ఆనాడు తప్పు నాది కాదండి. ఆ గాలే మారిపోతోందంట. నూరేళ్లుగా చక్రం మెల్లమెల్లగా నెమ్మదిస్తోందని కొందరు, కొలతలు చాలవని కొందరు. దానికీ మన వానలకీ ఉన్న పొత్తు కూడా ఇదివరకటిలా లేదంట. అప్పుడు ఎవరికి తెలుసు చెప్పండి?" అని నా వైపు తిరిగి, "ఏదీ, ఓ పళ్లెం తేవే, చూపిస్తాను" అన్నాడు. పసుపు డబ్బా తనే అందుకున్నాడు.

నేను లేవలేదు. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పళ్లెం ఎందుకులెండి. సముద్రం మీద గాలి, అది దాని ఇష్టం. అది నాకేం చుట్టం కాదు, మాటా ఇవ్వలేదు." మామయ్య వైపు తిరిగాడు. "మీ చేలో నారు పోసిన రోజున నాకో కబురెట్టాల్సిందండి. అప్పటికి మా చేను ఇంకా ఖాళీగానే ఉంది."

మామయ్య పసుపు డబ్బా మూత పెట్టాడు. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. పసిఫిక్ మీద నా కోపం ఆ రోజుతో పోయింది. మామయ్య మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.