కాలువ బొమ్మలో మా ఊరి తూము

నలభై దాటాక, గోదావరిఖనిలో మా క్వార్టర్ల దగ్గర పెట్టిన సాయంత్రపు బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లిషు అక్షరాలు తర్వాత మా బిడ్డ కొన్న కంప్యూటర్ మీటల మీద పట్టుబడ్డాయి.

బిడ్డ తెలుగు వికీలో, అంటే ఎవరైనా రాసి దిద్దగలిగే ఇంటర్నెట్ విజ్ఞానకోశంలో, ఊళ్ల గురించి రాసేది. ఒకరోజు మా వైపు పారే పెద్ద కాలువ పేజీ తెరిచి చూపించింది. పక్కన నిలువుగా నీలి గీత, దాని మీద వంతెనలు, తూములు. మంథని వైపు నా పుట్టింటికి నీళ్లు తెచ్చే ఉపకాలువ కోసం వెతికాను. లేదు.

"మా ఊరేదే?"

"గీసినోళ్లకు తెల్వది కావచ్చు అవ్వా."

మాది ఆ ఉపకాలువకు చివరి ఊరు. నీళ్లే అందీ అందనట్టు వస్తాయి. బొమ్మలో కూడా అందకపోతే ఎట్లా? మా ఉపకాలువ బొమ్మ నేనే పెడతానన్నాను.

ఆ బొమ్మను చేత్తో గీయరు. మూస అని ఒకటుంటుంది. అందులో వరుసకొక గుర్తు పేరు ఇంగ్లిషులో కొట్టి, పక్కన చోటు పేరు తెలుగులో రాయాలి. నేరుగా పోయే కాలువకు ఒక గుర్తు, పిల్లకాలువ చీలే చోటికి ఇంకొకటి, వంతెనకు మరొకటి. రాసినకొద్దీ ముక్క కింద ముక్క చేరి కాలువ తయారవుతుంది. ఒక్క అక్షరం తప్పినా అక్కడ ముక్క రాదు.

వంట కాగానే కూర్చునేదాన్ని. ఎండాకాలం కరెంటు పోయి రాసింది రెండుసార్లు పోయింది. మళ్లీ రాశాను. చివరికి బొమ్మ నిలబడితే ఇంట్లో వాళ్లను పిలిచాను. బొగ్గుబాయి పని నుంచి దిగిపోయిన మా ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"నీళ్లు గుట్టెక్కుతున్నయేందే?"

బిడ్డ పకపకా నవ్వింది. "అవ్వా, కాలువ మొదలు పైన ఉండాలె. నువ్వు మీ ఊరిని నెత్తిన పెట్టినవు."

"నీళ్లు రాకపోతే మేం గట్లనే నడిసేటోళ్లం. మా పొలంల మొదలుపెట్టి, ఎవడు అడ్డం కట్టిండో సూసుకుంట పైకి పోయేటోళ్లం."

"మీరు నడిసిన్రు. నీళ్లు నడువయి గద!"

చిన్నప్పుడు నాన్న పార భుజాన వేసుకుని ముందు పోతుంటే, సద్ది పట్టుకుని వెనక పోయిన దారి అది. ఆ కాలువ నాకు ఆ వరుసలోనే తెలుసు.

"జరుగు, జల్ది తిరగేస్త," అంది బిడ్డ.

"ముట్టకు. నేనే చేస్త."

కింది వరుసను పైకి, పై వరుసను కిందికి మార్చాను. అంతటితో అయిపోలేదు. పిల్లకాలువల మలుపులన్నీ పైకే చూస్తున్నాయి. ఒక్కో మలుపుకు కిందికి తిరిగే గుర్తు వెతికి, అక్షరం అక్షరం చూసి కొట్టాను. కుడికి పోవాల్సింది ఎడమకు పోతే చెరిపాను. మా ఆయన అన్నం పెట్టమని రెండుసార్లు పిలిచాడు. "పెట్టుకుని తినరాదు?" అన్నాను.

భద్రపరిచే ముందు బొమ్మ ఎట్లా వచ్చిందో చూపే మునుజూపు మీట నొక్కాను. పెద్ద కాలువలో పుట్టిన నీలి గీత తూము తూమూ దాటుకుంటూ దిగి, మా ఊరికి ఒక్క ముక్క ముందు ఆగింది. మధ్యలో తెల్లటి సందు. ఆ వరుసకు వెళ్లి చూస్తే గుర్తు పేరులో ఒక అక్షరం తక్కువ. చేర్చాను. మళ్లీ మునుజూపు నొక్కాను.

గీత మా ఊరి తూము దాకా వచ్చింది. బిడ్డ నా భుజం మీదుగా వంగి, పైనుంచి కిందిదాకా వేలితో చూసుకుంటూ వచ్చింది. పేజీని భద్రపరిచాను.