లైటు కింద ఎర్ర గోంగూర

బొత్తాలక్కకు భయం కొత్త కాదు. చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో ఇరవై ఏళ్లుగా బొత్తాలూ కాజాలూ కుడుతున్న ఆమె, నాలుగు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునే మనిషి. కిందటేడు ఓ సాయంత్రం ఎవడో పెరటి గోడ దూకి, ఆమె గది తలుపు నెట్టి చూసి పోయాడు. అప్పటినుంచి ఆ భయానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. మూడు నెలలు ఇంటి యజమాని ప్రాణం తోడి, పెరటి గోడకు పెద్ద తెల్ల లైటు పెట్టించుకుంది. స్విచ్చు తన గదిలోనే. పొద్దు వాలకముందే వేసేది, బాగా తెల్లారాకే ఆర్పేది.

ఆ లైటు కిందే ఆమె ఎర్ర గోంగూర. ఆకు కూరకు పనికొస్తుంది గానీ, ఆమె పెంచేది తొడుగుల కోసం. పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రగా కండపట్టే ఆ తొడుగుల్ని ఒలిచి, ఎండబెట్టి, మరిగిస్తే పుల్లటి రసం. పన్నెండేళ్లుగా, అన్నిటికన్నా మందమైన తొడుగు వేసిన చెట్టు గింజల్నే దాస్తూ వచ్చింది. జీవితంలో ఆమె సొంతంగా తయారుచేసింది అదొక్కటే. ఈసారి డబ్బాలో పురుగు పడింది. బాగున్న గింజలన్నీ ఏరి, నానబెట్టి నాటితే మొలిచినవి ఏడు. ఇవి కాయకపోతే ఆ విత్తనానికి నూకలు చెల్లినట్టే.

ఏడూ నిలువెత్తు పెరిగాయి. చలి దగ్గరపడుతోంది, ఒక్క మొగ్గ లేదు. మొక్కలతో మాట్లాడితే పూస్తాయని ఎవరో చెప్తే మాట్లాడింది. ఆకులు మాత్రం ఇంకా పెరిగాయి. చివరికి నర్సరీ పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చింది. ఆయన చెట్లను వదిలేసి లైటును చూశాడు.

“దీన్ని రాత్రంతా వేసే ఉంచుతావా అమ్మా?”

“భయమండీ.”

“నీ భయం సరే. రాత్రి పొడుగైందని తెలిస్తేగానీ ఇవి మొగ్గ వెయ్యవు. నువ్వు వీటికి రాత్రే లేకుండా చేశావు. చీకట్లో ఉంచు. మధ్యలో లైటు వేశావో, మళ్లీ మొదటికే.”

ముందు గోనెసంచులు కప్పి చూసింది. ఒక చెట్టు నడిమికి విరిగింది. మిగిలినవి ఆరు.

ఆ సాయంత్రం లైటు వెయ్యలేదు, వెలుగు బయట పడుతుందని గదిలోదీ ఆర్పేసింది. మంచం గోడకు జరిపి, వీపు గోడకానించి కూర్చుంది. స్నానాలగదిలో కుళాయి చుక్క పడితే దుప్పటి తలదాకా లాక్కుంది. ఆకు కదిలితే అడుగు అనుకుంది. మర్నాడూ అంతే. తొమ్మిదోనాడూ అంతే, అలవాటవుతుందన్నవాళ్లెవరూ ఆ గదిలో కూర్చోలేదు.

పదోరోజు ఏడింటికి పెరటి గేటు కిర్రుమంది. అడుగులు. ఏదో దొర్లింది. బొత్తాలక్క వేలు స్విచ్చు మీదికి వెళ్లింది. నొక్కితే ఎవరో తెలిసిపోతుంది. నొక్కితే పదిరోజుల చీకటీ గంగపాలు. తలుపు కదిలింది. ఆమె ఆ చెయ్యి వెనక్కి లాక్కుని చంకలో బిగించుకుంది.

“అక్కా! చచ్చాన్రా దేవుడా, ఈ బకెట్టు ఇక్కడెందుకే? లైటెయ్యి!”

చెల్లెలు!

“వెయ్యను,” అంది బొత్తాలక్క.

“ఏంటీ?”

“వెయ్యనే. గోంగూరకు చీకటి కావాలి. తడుముకుంటూ రా.”

“గోంగూర కోసం నా కాలు విరగ్గొడతావా? రెండు కట్టలు కొని పడేస్తా కదే!”

“కట్టలెవడిక్కావాలి? గింజ కావాలి.”

అక్క గడియ తీశాక చెల్లెలు లోపలికొచ్చి, మంచం అంచున కూలబడి, అక్క చెయ్యి పట్టుకుంది. మంచుముద్ద.

“ఇంతలా వణుకుతూ ఎవర్ని ఉద్ధరిద్దామని?”

“మొగ్గ పడాలంటే ఇంకో ఇరవై రోజులట,” అంది అక్క. “కాసేపు కూర్చుని పో.”

నాలుగోవారంలో మొగ్గలు కనిపించాయి. చీకటి మాత్రం కాయలు ఎండేదాకా సాగింది. మందమైన తొడుగులున్న చెట్టును ముట్టకుండా వదిలేసి, కాయలు పగిలాక గింజలు రాల్చి సీసాలో పోసింది. ఆరోజు అయిదున్నరకే లైటు వేసేసింది.

“ఇన్నాళ్లు చీకట్లో ఉన్నావుగా, భయం పోలేదా?” అంది చెల్లెలు.

“ఎక్కడికి పోతుందే?” అంది బొత్తాలక్క, సీసా మూత బిగిస్తూ. “వచ్చే ఏడు వీటిని మీ పెరట్లో వేస్తాను. నువ్వు చీకట్లో కూర్చో.”