వజ్రకరూరులో అందరూ కూలీలే

పోయిన సర్వే కాగితాల్లో వజ్రకరూరు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకే పని చేస్తున్నట్టు వచ్చాయి: కూలి. ఊరన్నాక ఒక టైలరుండడా, గొర్రెల కాపరుండడా? సిబ్బంది టీ అంగట్లో కూర్చుని నింపేశారని నాకు గట్టి అనుమానం. వృత్తుల వర్గీకరణ పుస్తకం కొత్తది వచ్చింది, దాన్ని వాడటం నేర్పే పని నాకు పడింది. పనిలో పనిగా వాళ్ళ బండారం కూడా చూద్దామని బయల్దేరాను.

అనంతపురంలో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ల వేళకు ఉరవకొండలో దిగొచ్చు. అక్కడ ఉగ్గాని, బజ్జీ తిని షేర్ ఆటో పట్టుకోవాలి. ఆటో అతను మనిషికి యాభై రూపాయలన్నాడు, బేరమాడినా తగ్గలేదు. దారంతా అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"యాడికక్కా? రాళ్ళు కొనేటోళ్ళ మనిషివా?"

"కాదప్పా, సర్వే వాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి పోతున్నా."

"అందరూ అట్లే చెప్తారులే."

తొలి వానలు పడ్డాక ఇక్కడి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. కొత్త మొహం కనబడితే దళారీ అనుకుంటారు. దిగేటప్పుడు నా సంచిని ఎగాదిగా చూశాడు. నేనూ దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

వజ్రకరూరులో సర్వే సిబ్బందికి మధ్యాహ్నం దాకా పాఠం చెప్పాను. "ఏం పని అని అడగొద్దు. నిన్న ఏం చేశారు, ఎవరి కోసం చేశారు అని అడగండి. అప్పుడే పుస్తకంలో ఆ పనికి సరైన సంకేతం, అంటే కోడ్ నంబరు, దొరుకుతుంది." సర్వే చేసే రామాంజి ప్రతి మాటకూ తలూపాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్ళను నేను నమ్మను.

మధ్యాహ్నం అభ్యాసానికి చేలోకి వెళ్ళాం. హనుమక్క అనే నడివయసు మనిషి నేల మీంచి చూపు తిప్పకుండా రాళ్ళు ఏరుతోంది.

"ఏం పనమ్మా?" అన్నాడు రామాంజి, నేను నేర్పిందంతా గాలికొదిలేసి.

"కూలి."

అతను రాయబోతుంటే ఆపి, ఆమె పక్కన కూర్చుని నిన్నటి సంగతి అడిగాను.

"వాన పడినాక నాలుగు దినాలు రాళ్ళు ఏర్తాం. తక్కిన దినాలు చీరల మూట ఎత్తుకోని ఊర్లెంబడి అమ్ముతా. నా యాపారమే."

నా సంతోషం అంతా ఇంతా కాదు. పుస్తకం తిప్పి, ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారి సంకేతం రామాంజికి చూపించాను.

"యాపారం అని రాస్తే నా పింఛను పీకేస్తారా?" అంది హనుమక్క. మొగుడు పోయాక వస్తున్న ఆ పింఛనే ఆమెకు పెద్ద ఆధారం.

"లేదమ్మా, దానికీ దీనికీ సంబంధం లేదు."

"అట్లని రాసిస్తావా?"

నేను పుస్తకం మూసేశాను. ఈ వివరాలు పైన ఎవరి చేతికి పోతాయో, రేపు దేనికి వాడతారో నాకెవరూ చెప్పలేదు.

"అందరూ ఇదే అడుగుతారు మేడమ్. మేమేం చెప్పల్ల?" అన్నాడు రామాంజి. హనుమక్క లేచి కొంగు దులుపుకుంది. "కూలి అని రాసుకో నాయనా." అతను అలాగే రాశాడు, నేను ఆపలేదు.

తిరుగు బస్సులో నాకు చాలా కోపంగా ఉంది, రామాంజి మీద మాత్రం కాదు. భయపడే మనిషి చేత నిజం చెప్పించడం నేర్పాను. ఆ నిజానికి కాపలా ఎవరో తెలుసుకోకుండానే వెళ్ళాను. ఇప్పుడు నా అనుమానమంతా ఆ పుస్తకం పంపినవాళ్ళ మీదే. ఇలాంటి శిక్షణకు వెళ్ళేవారికి ఒక్క సలహా: ఏ వివరం వల్లా ఎవరి పింఛనూ పోదని పైవాళ్ళ సంతకంతో కాగితం తీసుకున్నాకే బస్సెక్కండి. నేను ఊరు చేరగానే అడిగాను. ఇప్పటిదాకా ఎవరూ రాసివ్వలేదు.